సర్వము కోల్పోకమునుపు: ఒక ఫ్రెంచి లఘుచిత్రమున కుటుంబభయ నిరూపణము

కుటుంబకలహము నాటకమునకు మిక్కిలి ప్రాచీనమైన యితివృత్తము. గ్రీకుల విషాదాంత నాటకములు పెక్కు ఒకే యింటి గడపలోపల జరిగిన ఘోరములనుండి పుట్టినవి. కురుపాండవుల వైరము సయితము మొదట దాయాదుల తగవే. కాని రాజగృహములలోని కలహమునకు లోకమంతయు సాక్షి. సామాన్యుని యింటి కలహమునకు గోడలు మాత్రమే సాక్షులు. ఆ గోడల నడుమ నణగియున్న భయమును బయటి వెలుగులోనికి తెచ్చుట యెట్లు? ఈ ప్రశ్నకు ఫ్రెంచి భాషలో వెలువడిన 30 నిమిషముల చిత్రమొకటి తనదైన సమాధానము చెప్పినది. అది గ్జావియే లెగ్రాఁ రచించి దర్శకత్వము వహించిన ‘ఆవాఁ క్ ద తూ పెర్ద్ర్’. తెలుగున దీనిని ‘సర్వము కోల్పోకమునుపు’ అనవచ్చును. 2013లో క్లెర్మాఁ-ఫెరాఁ నగరపు లఘుచిత్రోత్సవమున జాతీయ విభాగపు మహాబహుమతిని, 2014లో ఉత్తమ లఘుచిత్రముగా సెజార్ పురస్కారమును ఇది గడించినది. అదే సంవత్సరము ఆస్కారు పురస్కారమునకును పరిశీలింపబడినది గాని, అది ‘హీలియమ్’ అను డేనిష్ చిత్రమునకు దక్కినది.

దర్శకుడు లెగ్రాఁ 1979లో జన్మించెను. బాల్యమున లూయీ మాల్ 1987లో తీసిన ‘ఓ రెవ్వార్ లెజ్ ఆఁఫాఁ’ చిత్రమున చిన్న పాత్ర ధరించెను. పిమ్మట పారిసు నగరములోని జాతీయ నాటక విద్యాలయమున శిక్షణ పొంది, రంగస్థల నటుడుగా పేరు తెచ్చుకొనెను. దర్శకుడుగా ఇదియే ఆయన ప్రథమ చిత్రము. రంగస్థలమున ఆరితేరినవాడు మొదటిసారి కెమెరా చేపట్టినపుడు సంభాషణల మీదనే భారమంతయు మోపుట లోకమున తరచు కనబడు దోషము. లెగ్రాఁ అందులకు విరుద్ధముగా నడచెను. నాటకశాల నుండి ఆయన తెచ్చుకొన్నది మాటల పటాటోపము కాదు, కథాసంవిధానపు క్రమశిక్షణ. ఈ చిత్రమును అర్థము చేసికొనుటకు ఈ విషయము కీలకము.

లఘుచిత్రమన పెద్దచిత్రమునకు ముందు చేయు అభ్యాసమని తలచువారు నేటికిని కలరు. ఫ్రాన్సులో ఈ భావమునకు ఎదురుగా గట్టి సంప్రదాయమొకటి నిలిచియున్నది. 1953 డిసెంబరులో లఘుచిత్రములకు గల ప్రోత్సాహము సన్నగిల్లు పరిస్థితి యేర్పడగా, ఆలాఁ రెనే, జార్జ్ ఫ్రాఁజు మొదలగువారు ‘ముప్పదిమంది బృందము’ అను పేర నొక ప్రకటన వెలువరించిరి. నవల ప్రక్కన కథయు కవితయు వ్యాసమును స్వతంత్రముగా నిలుచునట్లే పెద్దచిత్రము ప్రక్కన లఘుచిత్రమును నిలువవలెననునది వారి వాదసారము. లెగ్రాఁ చిత్రము ఈ వాదమునకు చక్కని నిదర్శనము. ఇందలి యితివృత్తము సాగదీసిన చెడునది, కుదించిన పలుచనగునది. ముప్పది నిమిషములే దానికి తగిన కొలత.

కథ మిక్కిలి స్వల్పము. బడికి పోవుచున్నట్లు నటించిన జూలియేఁ అను బాలుడు ఒక వంతెన క్రింద దాగి యెవరికొరకో వేచియుండును. వేరొకచోట బస్సులాగు తావున జోసెఫీన్ అను యువతి కన్నీరు కార్చుచు నిలిచియుండును. మిరియమ్ అను స్త్రీ కారులో వచ్చి యొకరి తరువాత నొకరిని ఎక్కించుకొని, తాను పనిచేయు పెద్ద సూపర్‌మార్కెట్టునకు చేరును. వీరు మువ్వురును తల్లియు బిడ్డలును. ఆనాడే, ఆ కొద్దిసేపటిలోనే, ఆమె భర్త ఆంత్వాన్ చేతికి చిక్కకుండ బిడ్డలతో ఊరు విడిచిపోవలెను. పైయధికారులకు సంగతి చెప్పుట, ఉద్యోగపు లెక్కలు చక్కబెట్టుకొనుట, తమను తీసికొనిపోవు బండి వచ్చువరకు బిడ్డలను దాచియుంచుట, ఇవియే ఆమె పనులు. ఇంతలో భర్త ఆ అంగడికే వచ్చును. ఆమె యతనికి ఎదురుపడి మాటలాడి, ఏమియు జరుగనట్లు నడచుకొని, తుదకు బిడ్డలతో బయటపడును. ఏ తీరమున చేరిరో చిత్రము చెప్పదు.

ఈ స్వల్పకథను లెగ్రాఁ చెప్పిన వరుసలోనే నేర్పున్నది. ప్రారంభమున చూపరికి ఏమియు తెలియదు. వంతెన క్రింది బాలుడు బడి ఎగగొట్టిన తుంటరి యనుకొనవచ్చును. ఏడ్చుచున్న యువతిది ప్రణయభంగమనుకొనవచ్చును. వారిని కారెక్కించుకొన్న స్త్రీ యెవరో, ఆ తొందర యేలనో తెలియదు. ఒక్కొక్క దృశ్యము గడచుకొలది ఒక్కొక్క అపోహ తొలగి, దానికంటె బరువైన నిజము దాని తావున నిలుచును. ఆ బాలుని అబద్ధము తుంటరితనము కాదు, తల్లి యప్పగించిన పని. ఆ యువతి కన్నీరు ప్రియునితో కలహించినది కాదు, అతనిని విడిచిపోవలసినది. ఈ విధముగ చూపరి తాను తొలుత చేసిన నిర్ణయములను తానే త్రోసిపుచ్చుకొనవలసివచ్చును. ఇది కేవలము ఉత్కంఠ పెంచుటకు పన్నిన ఉపాయము కాదు. ఇరుగుపొరుగు కుటుంబములను గూర్చి లోకము చేయు తొందరపాటు నిర్ణయములు ఎంత బలహీనములో ఈ వరుస చూపరి యనుభవమునకే తెచ్చుచున్నది.

ఇక చిత్రములోని ప్రధాన గుణమునకు వచ్చిన, ఇందు ఒక్క దెబ్బయు తెరమీద పడదు. దెబ్బల జాడ కలదు, దెబ్బల యెరుక కలదు, దెబ్బ మరల పడునను భయము ప్రతి కదలికయందు కలదు. దెబ్బ మాత్రము లేదు. భారతీయ నాట్యశాస్త్రజ్ఞులు ఇతివృత్తమును దృశ్యమనియు సూచ్యమనియు రెండుగా విభజించిరి. యుద్ధము, మరణము, నగరముట్టడి మొదలగువానిని అంకమునందు ప్రత్యక్షముగ చూపరాదనియు, ప్రవేశకాదులచే సూచింపవలయుననియు భరతుడు విధించెను. ఈ విధి కేవలము సభామర్యాద కొరకేర్పడినదని కొందరందురు. కాని దీనికి రసదృష్టితో వేరొక ప్రయోజనమున్నది. ఘోరమును కంటికి చూపిన, చూపరి మనస్సు ఆ చేష్టయందే తగుల్కొనును. సూచించి విడిచిన, ఆ ఘోరమును మోయుచున్న మనుష్యుని ముఖమువైపు తిరుగును. భయానకరసమునకు స్థాయి భయము. భయమునకు ఆశ్రయము భయపడువాడు. లెగ్రాఁ కెమెరా ఆ ఆశ్రయమును ఎన్నడును విడువదు.

యూరోపు ఖండమునను ఇట్టి మర్యాద లేకపోలేదు. పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి నాటకకర్తలు రక్తపాతమును తెరవెనుకకు నెట్టి, దానిని వార్తగా చెప్పించిరి. రసీన్ 1677లో ప్రదర్శించిన ‘ఫేద్ర్’ నాటకమున హిప్పొలీతుని మరణమును ప్రేక్షకులు కన్నులార చూడరు, తెరామేను ముఖమున విందురు. కాలైక్యము, స్థలైక్యము, వస్త్వైక్యము అను నియమములును ఆ కాలమున స్థిరపడినవే. బ్వాలో 1674లో తన కావ్యశాస్త్రమున వానిని నియమముగ పలికెను. లెగ్రాఁ చిత్రము ఈ సంప్రదాయమునకు దూరపు బంధువు. ఇందు కథాకాలము ప్రదర్శనకాలమునకు మిక్కిలి చేరువగ నడచును. తొలి దృశ్యములను విడిచిన, కథాస్థలము ఒక్క అంగడియే. కార్యమును ఒక్కటియే: వెడలిపోవుట. పేరునందు సయితము ఈ పురాతన ఛాయ కానవచ్చును. ‘ఆవాఁ క్ ద’ అను వాక్యరచన నేటి ఫ్రెంచి వాడుకలో లేదు. అది ప్రాచీన కావ్యభాషకు చెందినది. అంగడి గల్లాపెట్టెల నడుమ జరుగు కథకు గ్రాంథికపు పేరు పెట్టుటలో ఔచిత్యభంగమేమియు లేదు. రాజకుమారికి తగిన గంభీరత ఈ శ్రామికస్త్రీకిని తగునని ఆ పేరు నిశ్శబ్దముగ చాటుచున్నది.

కథాస్థలముగ సూపర్‌మార్కెట్టును ఎన్నుకొనుట ఈ చిత్రమున రెండవ విశేషము. కుటుంబకథలకు ఇల్లే సహజమైన రంగము. ఇందు ఇల్లు కానరాదు. ఇంటికి బదులు వేలకొలది వస్తువులతో, దీపములతో, జనసమ్మర్దముతో నిండిన అంగడి యున్నది. దాని వెనుక కొనువారి కంటబడని లోకము వేరొకటి యున్నది: సరకులు నిలువచేయు గది, పనివారు దుస్తులు మార్చుకొను గది, చిన్న కార్యాలయము, ఇరుకైన నడవలు. ముందుభాగమున అంతయు అమ్మకమునకు పెట్టబడినది, అంతయు వెలుగులో నున్నది. వెనుకభాగమున ఒక తల్లి తన బిడ్డలను దాచుచున్నది. ఈ రెండు భాగములకు నడుమ నున్నది ఒక తలుపు మాత్రమే. చూపరి కన్ను ఆ తలుపు మీదనే నిలిచిపోవును. అది తెరచుకొనునపుడెల్ల గుండె జల్లుమనును. సామాన్యమైన తలుపునకు ఇంతటి శక్తి సమకూర్చుట ధ్వనికావ్యలక్షణము. ఇక్కడ వాచ్యము తలుపు. వ్యంగ్యము కుటుంబమునకును లోకమునకును నడుమ గల సన్నని అడ్డు.

మిరియమ్ చేయు పనులు గూడ పరిశీలింపదగినవి. ఇందు ఆమె గొప్ప ప్రసంగమేదియు చేయదు. తన దుఃఖమును విస్తరించి చెప్పదు. ఎవరితో నేది యెంత చెప్పవలెనో లెక్కగట్టి చెప్పును. అధికారియెదుట ఉద్యోగము మాట, సహోద్యోగినియెదుట సహాయము మాట, బిడ్డలయెదుట ధైర్యపు మాట. ప్రాణభయమున పరుగిడు స్త్రీ సయితము కాగితముల పని తప్పించుకొనజాలదు. జీతము, లెక్క, సంతకము అనునవి ఆమె వెంటనే యుండును. ఇందులో కరుణరసము దాగియున్నది. మహాపదలయందు మనుష్యులు మహావాక్యములు పలుకరు, చిల్లరపనులు చక్కబెట్టుకొందురు. లేయా ద్రుకేర్ ఈ పాత్రను అట్టి నిగ్రహముతోనే అభినయించెను. కంఠము వణకునేమో యనిపించిన క్షణముననే ఆమె దానిని అదుపులోనికి తెచ్చుకొనును. ఏడ్చుటకు తీరికలేని స్త్రీ దుఃఖము ఏడ్చు స్త్రీ దుఃఖముకంటె చూపరిని లోతుగ తాకును.

భర్త ఆంత్వాన్‌గ దెనీ మెనోషే నటించెను. ఆకారమున భారీ మనిషి. కాని యతని పాత్రపోషణయందు దర్శకుడు ఆకారమును నమ్ముకొనలేదు. అతడు తెరమీదకు వచ్చునప్పటికి కథ చాలవరకు గడచియుండును. అంతవరకు చూపరి అతనిని ఇతరుల భయమునందు మాత్రమే చూచినాడు. వచ్చినవాడు కేకలు వేయడు, వస్తువులు పగులగొట్టడు. భార్య పనిచేయు చోటికి వచ్చిన సామాన్య గృహస్థువలె కనబడును. అంగడిలో తిరుగు కొనువారికి ఆ దంపతుల సంభాషణయందు వింతయేమియు తోచదు. తెలిసినవారికి మాత్రము ప్రతిమాటయు పాముపడగవలె కనబడును. ఒకే దృశ్యము తెలియనివానికి ఒకవిధముగను, తెలిసినవానికి వేరొకవిధముగను భాసించుట నాటకకళలో కష్టసాధ్యమైన విద్య. చూపరిని తెలిసినవారి పక్షమున నిలిపి, తెలియనివారిని అతనికి చూపుట ఈ దృశ్యపు సాఫల్యము.

శ్రవ్యభాగమునందును ఇదే మితము కానవచ్చును. ఇట్టి కథలకు నేపథ్యవాద్యములు మ్రోగించి చూపరి గుండె కొట్టుకొను వేగమును పెంచుట వాడుక. లెగ్రాఁ ఆ యాసరా కోరలేదు. బండ్ల చప్పుడు, తలుపుల చప్పుడు, అడుగుల చప్పుడు, అంగడిలోని సద్దు, ఇవియే సంగీతస్థానమున నిలిచినవి. నతాలీ ద్యురాఁ ఛాయాగ్రహణమును అట్టిదే. అందమునకై వెదకిన చిత్రణ లేదు. మనుష్యుని వెన్నంటి నడచు చూపు కలదు. అలంకారము లేకుండుటయే ఇందలి అలంకారము.

బిడ్డల పాత్రలు ఇట్టి కథలలో తరచు జాలి పుట్టించు సాధనములుగ మిగులును. ఇందు అట్లుకాదు. జూలియేఁకు రహస్యము దాచుట తెలియును, వేచియుండుట తెలియును, పెద్దల ముఖములు చదువుట తెలియును. ఇవి బాలుడు నేర్వదగిన విద్యలు కావు. బాలుడు వానిని ఇంత చక్కగ నేర్చియుండుటయే ఆ యింటిలో నేమి జరుగుచుండెనో చెప్పు సాక్ష్యము. జోసెఫీన్ సంకటము వేరు. ఆమె ప్రాయము పొందినది; తనకు సొంతజీవితము మొదలైనది. తల్లి ప్రాణరక్షణ కొరకు ఆమె తన ప్రణయమును విడిచిపోవలెను. ఒక్కని దౌర్జన్యము ఇంటిలోని ప్రతివానినుండి వేరువేరు వస్తువులను అపహరించునని ఈ రెండు పాత్రలు తెలుపుచున్నవి. పేరులోని ‘సర్వము’ అను మాటకు అర్థము ఇక్కడ తేటపడును. ప్రాణము దక్కించుకొనుటకు ఇల్లు, ఉద్యోగము, బడి, స్నేహము, ప్రేమ అన్నియు విడువవలసివచ్చును. సర్వము కోల్పోకమునుపు సర్వమును విడుచుట ఈ కుటుంబమునకు మిగిలిన దారి.

ఈ చిత్రము యొక్క బలమును పూర్తిగ తెలిసికొనుటకు ఫ్రెంచి ధర్మశాస్త్రచరిత్ర కొంత తోడ్పడును. 1804లో నెపోలియను కాలమున ఏర్పడిన పౌరస్మృతి భర్త భార్యను రక్షింపవలెననియు, భార్య భర్తకు విధేయురాలై యుండవలెననియు శాసించినది. 1938లో భార్యకు గల ఈ పరాధీనత శాసనమునుండి తొలగినది. భర్త యనుమతి లేకయే ఉద్యోగము చేయుటకును, బ్యాంకులో సొంత ఖాతా తెరచుటకును 1965 జూలైలో చట్టము వచ్చినది. 1970లో తండ్రికి మాత్రమే యుండిన పెత్తనము పోయి, బిడ్డలపై తల్లిదండ్రులిరువురకు సమానాధికార మేర్పడినది. 2010లో భర్త హింసకు గురియైన స్త్రీకి న్యాయమూర్తి సత్వర రక్షణాదేశ మీయవచ్చునను చట్టమును ఏర్పడినది. ఈ చరిత్ర యానాము తెలుగువారికి పరాయిది కాదు. 1954 వరకు ఫ్రెంచి పాలనమున నుండిన ఆ పట్టణము ఫ్రెంచి న్యాయస్థానములను, ఫ్రెంచి పౌరస్మృతిని ఎరిగినది. 1881 నాటి శాసనము ననుసరించి, కోరినవారు తమ కులాచార ధర్మమును త్యజించి ఆ పౌరస్మృతికే లోబడు వీలుండెను. కావున మిరియమ్ వెనుకనున్న చట్టముల కథయందు గోదావరితీరపు తెలుగు కుటుంబములకును ఒక చిన్న పాలు కలదు.

ఆ చట్టములన్నియు మిరియమ్ పక్షమున నున్నవి. ఆమెకు ఉద్యోగ మున్నది. జీత మున్నది. విడాకుల హక్కున్నది. బిడ్డలపై హక్కున్నది. అయినను ఆమె దొంగవలె దాగి పోవలసివచ్చినది. హక్కు కాగితముమీద నున్నది. భయము అంగడి నడవలో నున్నది. ఈ రెంటికి నడుమ గల దూరమును దాటించువారెవరు? చిత్రమిచ్చు సమాధానము సహోద్యోగులు. ఒకరు బిడ్డలను కనిపెట్టియుందురు, ఒకరు కబురు తెత్తురు, ఒకరు నోరు మెదపక యుందురు. వీరిలో నెవరును వీరులు కారు. వారికి తెలిసినదియు కొంచెమే, చేయగలిగినదియు కొంచెమే. కాని ఆ కొంచెములన్నియు కూడి ఒక కుటుంబమునకు కొన్ని నిమిషముల వ్యవధిని సమకూర్చును. ఆ నిమిషములే ప్రాణములు. దర్శకుడు దౌర్జన్యమును తెరవెనుక నుంచుటకు గల లోతైన ప్రయోజన మిదియే. దెబ్బ కనబడినచో కొట్టువాడును కొట్టబడుదానును మాత్రమే పాత్రలగుదురు. దెబ్బ కనబడకపోవుటచే చుట్టునున్నవారందరును పాత్రలైరి.

చిత్రమున లోపములు లేవని చెప్పరాదు. ఆంత్వాన్ మనస్సులోనికి పోవు దారి ఎక్కడను లేదు. అతడెందుల కిట్లయ్యెనో, తన చేతలను తాను ఎట్లు సమర్థించుకొనునో తెలియరాదు. రావణునకు సయితము కావ్యమున స్వపక్షము చెప్పుకొను అవకాశము లభించినది, ఇతనికి లేదు. దీనిని లోపమని కొందరు, దృష్టిభేదమని కొందరు అనవచ్చును. పారిపోవుచున్న తల్లి కన్నులతో కథ చెప్పునపుడు వెంటాడువాని మనస్సును విప్పి చూపుట సాధ్యము కాదనునది ఉచితమైన సమాధానమే. దీనికంటె బరువైన ఆక్షేపణ వేరొకటి కలదు. చిక్కునా తప్పించుకొనునా అను కుతూహలము అపరాధపరిశోధక కథల సొత్తు. ఒక స్త్రీ నిజమైన ఆపదనుండి అట్టి వినోదము పిండుకొనుట ధర్మమా? ఈ ప్రశ్న తీసివేయదగినది కాదు. అయినను చిత్రము ముగింపున విజయోత్సాహము నీయకపోవుట గమనింపదగినది. బండి కదలినను చూపరికి ఊపిరి కుదుటపడదు. కుతూహలము తీరినను కలత తీరదు. వినోదమునకును ఈ చిత్రమునకును గల భేదమీ కలతయందున్నది.

ఆ కలతను కొనసాగింపుగ తీసికొని లెగ్రాఁ 2017లో ‘జ్యుస్కా లా గార్ద్’ అను పెద్దచిత్రమును తీసెను. ద్రుకేర్, మెనోషే అవే పాత్రలను మరల ధరించిరి. వెనిస్ ఉత్సవమున అది ఉత్తమ దర్శకత్వమునకు వెండిసింహమును, 2019లో ఉత్తమ చిత్రముగ సెజార్ పురస్కారమును పొందినది. ఆ పేరున శ్లేష కలదు. ‘గార్ద్’ అనగా బిడ్డల సంరక్షణాధికారము. ఆ పదబంధమునకు కత్తి పిడివరకు దిగుటయనియు అర్థము. అందు కథ న్యాయమూర్తి గదిలో మొదలగును. ఇరుపక్షముల న్యాయవాదులు మాటలాడుదురు; ఎవరిమాట నమ్మవలెనో న్యాయమూర్తికి తోచదు. తుదకు తండ్రికి బిడ్డను చూచు హక్కు లభించి, ఆ హక్కే మరల ఆపదకు ద్వారమగును. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, లఘుచిత్రము చూపరికి ఎరుక నిచ్చి తోడు పంపినది. పెద్దచిత్రము అతనిని న్యాయపీఠముమీద కూర్చుండబెట్టి సంశయమున ముంచినది. పెద్దచిత్రపు ముగింపున గూడ ఆపదనుండి కాపాడునది మొదట చట్టము కాదు. చప్పుడు విని ఊరకుండక పోలీసులకు ఫోను చేసిన పొరుగింటి వృద్ధురాలు. రెండు చిత్రముల హృదయము ఒక్కటియేనని దీనివలన తెలియును.

ఈ కథలు కేవల కల్పనలని త్రోసివేయుటకు వీలులేదు. ఫ్రెంచి ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2019 ఒక్క సంవత్సరమున ఆ దేశమున 146 మంది స్త్రీలు భర్తచేతనో, సహచరునిచేతనో, మాజీ సహచరునిచేతనో హతులైరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో ప్రభుత్వము ఈ విషయమై ప్రత్యేక చర్చాసభలను ప్రారంభించి, డిసెంబరులో చట్టమును సవరించినది. భారతదేశమున గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించు చట్టము 2005లో పుట్టి 2006 అక్టోబరునుండి అమలులోనికి వచ్చినది. చట్టముల వయస్సు ఎచటను పెద్దది కాదు. వ్యాధి వయస్సు మాత్రము మిక్కిలి పెద్దది.

తెలుగున ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెత కలదు. ఇంటిలోని మాట వీథికెక్కిన చేటు తప్పదని దానికి వాడుకలో నున్న అర్థము. స్వదేశమునకు దూరముగ తరతరములు నివసించు సంఘములలో ఈ సామెతకు బలము మరియు హెచ్చు. చుట్టు అన్యభాషాజనము నడుమ ఒక కుటుంబపు పరువు సంఘమంతటి పరువుగ తోచును. ఇంటి తగవు బయటపడిన జాతికే తలవంపని పెద్దలు తలతురు. కాని సామెతకు మూలమైన కథను మరల తలచి చూచిన, లంకకు చేటు తెచ్చినది విభీషణుని నోరు కాదు, రావణుని చేత. గుట్టు దాచినవారు లంకను కాపాడలేకపోయిరి. చెరలోనున్న సీతకు ధైర్యము చెప్పిన త్రిజట లంకలోనిదే, రాక్షసజాతికి చెందినదే. ఆమె మాటవలన లంక పరువు పోలేదు. ఆ దుర్దశలో లంకకు మిగిలిన పరువు ఆమెయే.

లెగ్రాఁ చిత్రములోని సహోద్యోగులు ఆ త్రిజట కోవకు చెందినవారు. వారు చట్టము చేయలేదు, దుష్టుని శిక్షింపలేదు. తమ కంటబడిన భయమును భయమని గుర్తించి, ఒక తలుపు మూసిరి, ఒక తలుపు తెరచిరి. ఒక స్త్రీ పనిముగించుకొని పోవుటను మాత్రమే చూపిన 30 నిమిషముల చిత్రము ఇంతటి భావమును మోయగలుగుట దాని ఘనత. కుటుంబము కుటుంబమునకే వదలదగిన వ్యవహారమా, కాదా అను ప్రశ్నను అది వాదముగ నిలుపక, ఆ తలుపు దగ్గర నిలుచున్న మనుష్యుల ముఖములయందు నిలిపినది. చూచినవారు ఆ ముఖములను మరువజాలరు.